నిమ్మవాసన జెరేనియం: పెద్దపల్లి పెరట్లో

నిమ్మవాసన జెరేనియం దక్షిణాఫ్రికా కేప్ ప్రాంతానికి చెందిన చిన్న పొద. శాస్త్రీయ నామం పెలార్గోనియం క్రిస్పం. దీన్ని పూల కోసం కాక ఆకు వాసన కోసం పెంచుతారు. ఆకును రెండు వేళ్ల మధ్య నలిపితే పచ్చి నిమ్మకాయ తొక్కను గోటితో గిల్లినప్పటి వాసన వస్తుంది, చాలాసేపు చేతిని వదలదు. పెద్దపల్లి జిల్లాలాంటి వేడి ప్రాంతంలో ఇది కుండీలో పెంచుకోవలసిన మొక్క. ఇక్కడ దీనికి చలికాలం పండుగ, ఎండకాలం పరీక్ష, వానకాలం గండం. నర్సరీలో కొన్న మొక్క మొదటి ఏడాదే పోయిందంటే చాలామంది ఎండనే తిట్టుకుంటారు. చాలాసార్లు అసలు దోషి వాన.

పేరు, పోలిక

తోటమాలులు జెరేనియం అని పిలిచే ఈ మొక్కలు వృక్షశాస్త్రం ప్రకారం జెరేనియం ప్రజాతివి కావు. 1753లో లిన్నేయస్ వీటన్నిటినీ జెరేనియంలోనే కలిపేశాడు. 1789లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లెరితియె పెలార్గోనియం అని వేరు చేశాడు. అప్పటికే జనం నోట పాత పేరు నాటుకుపోయింది, నేటికీ అదే నడుస్తోంది. రెండు పేర్లూ కాయ ఆకారాన్ని బట్టి వచ్చినవే. ఎండిన కాయ పక్షి ముక్కులా పొడుగ్గా సాగి ఉంటుంది. గ్రీకులో గెరానోస్ అంటే సారసపక్షి, పెలార్గోస్ అంటే కొంగ. పువ్వును చూసి తేడా పట్టుకోవచ్చు. అసలు జెరేనియం పువ్వులో ఐదు రేకులూ ఒకే తీరుగా ఉంటాయి. పెలార్గోనియంలో పైరెండు రేకులు వేరుగా, ముదురు గీతలతో కనిపిస్తాయి. వాటి వెనక తేనె గొట్టం ఒకటి పూకాడకు అతుక్కుని ఉంటుంది.

పెలార్గోనియంలో సుమారు 280 జాతులున్నాయి. అత్యధికం దక్షిణాఫ్రికావే. 1772లో లండన్ క్యూ ఉద్యానం పంపగా కేప్‌కు వెళ్లిన ఫ్రాన్సిస్ మాసన్ వీటిలో చాలావాటిని ఇంగ్లండుకు చేర్చాడు. గులాబీ, పుదీనా, ఆపిల్, జాజికాయ వాసనలనిచ్చే జాతులు కూడా ఈ కుటుంబంలోనే ఉన్నాయి. నిమ్మవాసన ఒక్క క్రిస్పం సొత్తూ కాదు. పెద్ద ఆకుల పెలార్గోనియం సిట్రొనెల్లం కూడా నిమ్మ వాసనే వేస్తుంది. మేబెల్ గ్రే అన్న ప్రసిద్ధ తోట రకం ఈ జాతికి చెందినదే. క్రిస్పం ఆకు మాత్రం చిన్నది, వెడల్పు సాధారణంగా సెంటీమీటరు దాటదు. అంచులు ముడతలు పడి, గిన్నె అంచులా పైకి లేచి, కొమ్మకు రెండు వైపులా వరసలు కట్టినట్టు ఉంటుంది. ప్రిన్స్ రూపర్ట్ అనే రకం, దాని తెల్ల అంచు రూపం కుండీ ప్రియులకు బాగా తెలిసినవి. విక్టోరియా రాణి కాలపు ఇంగ్లండులో భోజనాల బల్ల మీద చేతులు కడుక్కునే నీటి గిన్నెలో ఈ ఆకు వేసేవారు. అందుకే దానికి అక్కడ వేళ్లగిన్నె జెరేనియం అనే పేరు కూడా ఉంది.

మన నర్సరీల్లో పేరును నమ్మి కొనకూడదు. జెరేనియం అని అడిగితే దోమల మొక్క అనే చీలికల ఆకు రకం చేతికి రావచ్చు, లేదా పెద్ద మెత్తని ఆకుల గులాబీ జెరేనియం రావచ్చు, ఒక్కోసారి వామాకు మొక్కే రావచ్చు. వామాకు మందంగా, నీరు పట్టి ఉంటుంది, వాసన వాముదే కనుక దాన్ని పోల్చుకోవడం తేలిక. మిగతావాటికి ఒకటే పరీక్ష: ఆకు చివర కొంచెం నలిపి ముక్కు దగ్గర పెట్టుకోవడం. గులాబీ వాసన పైకి తేలితే అది క్రిస్పం కాదు.

వాసన ఎక్కడిది

ఆకు మీద, లేత కాడ మీద కంటికి సరిగా ఆనని నూగు ఉంటుంది. అందులో కొన్ని రోమాల కొసన గుండుసూది తలంత కూడా లేని గ్రంథి ఉంటుంది. నూనె అందులోనే నిలవ ఉంటుంది. ఆకు నలిపినప్పుడు గ్రంథి చిట్లుతుంది. గాలికి కొమ్మలు ఊగి ఒకదానికొకటి రాసుకున్నా కొంత చిట్లుతుంది. అందుకే ఈ కుండీని ఏ మూలో పెట్టే కంటే, వచ్చేపోయేవాళ్ల చీర కొంగో చేతి సంచో తగిలే చోట, గడప పక్కన పెట్టడం మేలు. ఎవరూ ముట్టుకోని నిమ్మ జెరేనియం ఉన్నా లేనట్టే.

నిమ్మ వాసనకు ప్రధాన కారణం సిట్రాల్. అది జెరానియాల్, నెరాల్ అనే రెండు జంట అణువుల మిశ్రమం. మన పెరళ్లలో టీకి కోసుకునే నిమ్మగడ్డి నూనెలో 70 నుంచి 80 శాతం సిట్రాలే. నిమ్మ తొక్క నూనెలో లిమోనీన్ పాలే ఎక్కువ, కానీ ముక్కుకు నిమ్మకాయ అనిపించేది అందులో కొద్దిగా ఉండే సిట్రాల్ వల్లే.

గులాబీ జెరేనియంలో సిట్రాల్ బదులు సిట్రొనెలోల్, జెరానియోల్ అనే ఆల్కహాల్‌లు ఎక్కువ. జెరానియోల్ కథలో ఉత్తర తెలంగాణ వాళ్లు గమనించదగ్గ మలుపు ఒకటి ఉంది. 1871లో జర్మన్ రసాయనవేత్త ఆస్కార్ యాకబ్సన్ దాన్ని మొదట శుద్ధంగా వేరు చేసింది జెరేనియం మొక్క నుంచి కాదు, భారతదేశం నుంచి వెళ్లిన గడ్డి నూనె నుంచి. ఆ గడ్డి మన రోషా గడ్డి, అంటే పామరోజా. మధ్య భారతం నుంచి దక్కను దాకా ఎండు అడవుల్లో, రాళ్ల గుట్టల వాలుల్లో అది తనంతట తాను పెరుగుతుంది. దాన్ని బట్టీల్లో కాచి తీసిన నూనె బొంబాయి రేవు మీదుగా తుర్కీకి చేరి, అక్కడ గులాబీ అత్తరులో కల్తీకి వాడుక అయ్యేది. వాసన జెరేనియంలా ఉందని వర్తకులు దానికి భారతీయ జెరేనియం నూనె అనీ తుర్కీ జెరేనియం నూనె అనీ పేర్లు పెట్టారు. యాకబ్సన్ ఆ వ్యాపారపు పేరు నుంచే తన పదార్థానికి జెరానియోల్ అని పేరు తీశాడు. ఈనాడు ఎన్నో సబ్బు పెట్టెల మీద అచ్చయ్యే ఆ మాట వెనక ఉన్నది కుండీలో మొక్క కాదు, ఒక అడవి గడ్డి.

రెండు వాతావరణాలు

కేప్ ప్రాంతపు పడమటి భాగంలో వానలు చలికాలంలో పడతాయి. అక్కడి చలికాలం మనకు మే నుంచి ఆగస్టు వరకు. వేసవి పొడిగా ఉంటుంది కానీ సముద్రపు గాలి వల్ల మన వేసవిలా మండిపోదు. క్రిస్పం వేళ్లకు తెలిసిన లెక్క ఇదే: చల్లగా ఉన్నప్పుడు తడి, వేడిగా ఉన్నప్పుడు పొడి.

పెద్దపల్లిలో ఈ లెక్క తలకిందులు. ఏడాదికి సుమారు వెయ్యి మిల్లీమీటర్ల వాన పడితే, అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబర్ లోపే, నేల ఇంకా వెచ్చగా ఉండగానే పడుతుంది. దానికి ముందు వచ్చే ఎండ సంగతి చెప్పనక్కర్లేదు. వేసవి వార్తల్లో రామగుండం పేరు వినని తెలుగువాళ్లు ఉండరు. మేలో 42, 43 డిగ్రీలు అక్కడ మామూలు, 45 దాటిన రోజులూ ఉంటాయి. బొగ్గు గనుల ఊరు, విద్యుత్ కేంద్రం, రాతి నేల, సముద్రానికి దూరం. ఊటీ, కొడైకెనాల్, ఏర్కాడు వంటి చోట్ల జెరేనియం ఏళ్ల తరబడి బతకడానికి కారణం ఎత్తు. పెద్దపల్లి మైదానానికి ఆ సౌకర్యం లేదు.

కాబట్టి ఇక్కడ దీన్ని ఒకే మొక్కగా కాక ఒక వంశంగా చూసుకోవాలి. తల్లి మొక్క వానలకు పోతే పోవచ్చు. కొమ్మ ముక్కలు నిలిస్తే వంశం నిలుస్తుంది.

కొమ్మ ముక్క

విత్తనంతో పెంచే ఓపిక ఎవరికీ అవసరం లేదు. మంచి రకాలు విత్తనం ద్వారా తల్లి లక్షణాన్ని నిలుపుకోవు కూడా. దసరా వెళ్లి, తెల్లవారుజామున దుప్పటి లాక్కోవాలనిపించే రోజులు మొదలయ్యాక, స్వాతి, విశాఖ కార్తెల్లో కొమ్మలు కత్తిరించాలి. రాత్రి చలి 20 డిగ్రీల లోపుకు దిగిన తర్వాత వేరు పట్టడం సులువు.

మరీ లేతదీ, చెక్కబారినదీ కాని కొమ్మ చివర నుంచి 8–10 సెంటీమీటర్ల ముక్కను కణుపు కిందగా పదునైన బ్లేడుతో కోయాలి. అడుగున రెండు మూడు కణుపుల ఆకులు తీసేయాలి. ఆకు మొదట్లో ఉండే చిన్న పొరలాంటి తొడుగులను కూడా గిల్లెయ్యాలి. మట్టిలో మొదట కుళ్లేవి అవే. ఆ తర్వాతి పని కొత్తవాళ్లకు వింతగా తోస్తుంది. ముక్కను వెంటనే నాటకుండా నీడలో పేపరు మీద పూట సేపు ఆరబెట్టాలి. కోసిన చోట పలుచని చర్మంలా ఆరిపోతుంది. గులాబీ కొమ్మకు ఈ పని చేస్తే చస్తుంది, జెరేనియం కొమ్మకు చేయకపోతే చస్తుంది.

నాటడానికి కడిగిన వాగు ఇసుక చాలు. ఇసుకలో మూడో వంతు పాత కోకోపీట్ కలిపినా ఫర్వాలేదు. పెరుగు డబ్బా అడుగున నాలుగు చిల్లులు పెడితే మూడు ముక్కలకు సరిపోతుంది. పైన పాలిథిన్ సంచి కప్పడం మందార, గులాబీలకు పనికొచ్చే ఉపాయం, దీనికి మాత్రం ఉరి. నాటిన రోజు ఒకసారి నీళ్లు పోసి, తర్వాత ఇసుక పైపొర తెల్లబడ్డాకే పోయాలి. మొదటి వారం ఆకులు కొంచెం వాలతాయి. కంగారుపడి నీళ్లు పోయడమే ఎక్కువ ముక్కల ప్రాణం తీస్తుంది. మూడు నాలుగు వారాలకు చివర కొత్త ఆకు విచ్చుకుంటే వేరు పట్టినట్టు. పైకి లాగి చూసే అలవాటు మానుకోవాలి.

వేరు పట్టాక ఆరంగుళాల కుండీ, ఏడాది నిండితే పదంగుళాల కుండీ. అంతకంటే పెద్ద గోలెంలో పెడితే వేళ్లు చేరని మట్టి తడిగా మిగిలిపోయి అక్కడే కుళ్లు మొదలవుతుంది. మట్టి కుండీ దొరికితే ప్లాస్టిక్ జోలికి పోకూడదు.

చలికాలమంతా పగటి ఎండ పూర్తిగా తగలనివ్వాలి. చివర్లు తుంచుతూ ఉంటే మొక్క గుబురుగా పెరుగుతుంది. తుంచినదాన్ని పారేయకుండా మళ్లీ నాటుకోవచ్చు. శివరాత్రి దాకా ఈ మొక్కకు ఇక్కడ రోజులు బాగుంటాయి. అప్పుడే కొన్ని లేత ఊదా, గులాబి రంగు పూలు కనిపిస్తాయి, కనిపించకపోయినా లోటేమీ లేదు.

మండే నెలలు

ఫిబ్రవరి చివర్లో మొక్కను మూడో వంతు తగ్గించి కత్తిరించాలి. మార్చి దాటాక కత్తెర ముట్టకూడదు. మధ్యాహ్నం ఎండ తగలని తూర్పు గోడ పక్కకు, లేదా యాభై శాతం గ్రీన్ నెట్ కిందకు కుండీని మార్చాలి. మేడ మీద పెంచేవాళ్లకు ఒక మాట: ఏప్రిల్ నాటికి స్లాబు పగలంతా కాగి రాత్రి దాకా వేడి కక్కుతుంది. ఆకుకు నీడ ఉన్నా వేరు అడుగు నుంచి ఉడికిపోతుంది. కుండీ కింద రెండు ఇటుకలు, వాటి మీద చెక్క పలక పెట్టడం, చుట్టూ తడి గోనెపట్టా చుట్టడం ఆకు మీద నీళ్లు చల్లడం కంటే ఎక్కువ మేలు చేస్తాయి.

నీళ్లు తెల్లవారకముందో, తెల్లవారగానో పోయాలి. వేలు మట్టిలోకి ఒక కణుపు మేర దించి, పొడిగా తగిలితేనే. రోహిణి కార్తెలో ఆకులు సగం రాలి కాడలు బోసిగా మిగిలితే మొక్క చచ్చిందనుకోనక్కర్లేదు. కాడను గోటితో గీరితే లోపల పచ్చగా ఉంటే బతికున్నట్టే. ఆ స్థితిలో ఎరువు వేయడం నిద్రపోతున్న మనిషి నోట్లో ముద్ద పెట్టినట్టు.

వాన గండం

మృగశిర వస్తే మనుషులకు ఊపిరి వస్తుంది, ఈ మొక్కకు ప్రాణం మీదికి వస్తుంది. వెచ్చని తడి మట్టిలో పిథియం వంటి, శిలీంధ్రాలను పోలిన సూక్ష్మజీవులు చురుగ్గా ఉంటాయి. కాడ మొదలు నల్లగా, మెత్తగా, తడిసిన అగ్గిపుల్లలా మారి ఆ నలుపు పైకి పాకుతుంది. పైన ఆకులు ఇంకా పచ్చగానే ఉంటాయి, కనుక ఇంటివాళ్లు నాలుగు రోజులు ఆలస్యంగా చూస్తారు. మొదలు నల్లబడ్డాక మందులు వెతకడం వృథా. పైన నలుపు తగలని కొమ్మలు కోసి ఇసుకలో పెట్టుకోవడమే మిగిలిన దారి, ఆ కాలంలో వాటిలో సగం నిలిచినా అదృష్టమే.

నివారణ మాత్రం సులువు. జూన్ మొదటి వాన పడేలోపు కుండీలను వరండాలోకో, సన్‌షేడ్ కిందకో మార్చాలి. వాన చినుకు తగలకూడదు, గాలి మాత్రం ధారాళంగా తగలాలి. కుండీ కింద పళ్లెం తీసేయాలి.

పెద్ద ఎత్తున సాగు చేసేవాళ్లదీ ఇదే గొడవ. కేంద్రీయ ఔషధ, సుగంధ మొక్కల పరిశోధన సంస్థ (సీమ్యాప్) ప్రధాన కార్యాలయం లక్నోలో ఉంది. హైదరాబాద్ శివారు బోడుప్పల్‌లోని దాని పరిశోధన కేంద్రం దక్కను వాతావరణంలో గులాబీ జెరేనియం సాగు మీద ఏళ్ల తరబడి పని చేసింది. మైదానాల రైతులు దాన్ని నవంబర్ ప్రాంతంలో నాటి, వానలకు ముందే కోసి బట్టీ పెట్టేస్తారు. కానీ మళ్లీ చలికాలానికి నారు కావాలంటే తల్లి మొక్కలు వాన దాటాలి. పైన పాలిథిన్ కప్పు, పక్కల గాలి ఆడే ఖాళీ ఉండే చవక షెడ్డులో ఎత్తు మళ్ల మీద తల్లి మొక్కలను కాపాడే పద్ధతిని సీమ్యాప్ రూపొందించింది. దాంతో మొక్కకు సుమారు 35 రూపాయలయ్యే ఖర్చు 2 రూపాయల దాకా దిగిందని ఆ సంస్థ చెబుతుంది. 2017లో మొదలైన అరోమా మిషన్ కింద ఈ పంట ప్రచారానికి అది ఊతమైంది. వంద కిలోల పచ్చి ఆకు నుంచి వచ్చే నూనె నూరు, నూట యాభై గ్రాములే కనుక నారు ఖర్చు రైతుకు చిన్న విషయం కాదు. మన వరండా పంచ చేసే పని ఆ షెడ్డు చేసే పనే.

మట్టి, నీళ్లు, దుమ్ము

జిల్లాలో ఎర్ర చెల్క మట్టి సులువుగా దొరుకుతుంది. అందులో సగం పాళ్లు ఇసుక, పిడికెడు మాగిన పశువుల ఎరువు కలిపితే సరి. మంథని వైపు నల్లరేగడి మాత్రం వద్దు, అది నీటిని పట్టి వదలదు. బెంగళూరు నుంచో, కడియం నుంచో లారీల్లో వచ్చే మొక్కలు కోకోపీట్ ముద్దలో ఉంటాయి. ఆ ముద్దతో సహా మట్టిలో దించితే చుట్టూ మట్టి ఆరినా నడుమ ముద్ద నానుతూనే ఉంటుంది, లేదా ఒకసారి ఎండితే మళ్లీ తడవదు. కొన్న వారంలోగా, చలికాలమైతే, వేళ్ల చుట్టూ ఉన్న పీట్‌ను మెల్లగా విదిల్చి నాటాలి.

బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువైతే కుండీ అంచున తెల్లని పెచ్చు కడుతుంది, ఆకు అంచులు మాడతాయి. మిషన్ భగీరథ నల్లా నీళ్లు పట్టి ఒక రాత్రి నిలవ ఉంచి పోయడం మంచిది. ఎరువు విషయంలో పిసినారితనమే గొప్ప గుణం. నత్రజని ఎక్కువైతే ఆకులు పెద్దవై వాసన పలచబడుతుంది. యూరియా కర్మాగారం రామగుండంలోనే ఉన్నా ఈ కుండీకి చిటికెడు యూరియా కూడా అక్కర్లేదు.

గోదావరిఖని, రామగిరి మండలం వంటి గని ప్రాంతాల్లో మరో బెడద ఉంది. నూగు ఉన్న ఆకు బొగ్గు దుమ్మును, బూడిదను నునుపు ఆకు కంటే గట్టిగా పట్టుకుంటుంది. పది పదిహేను రోజులకోసారి పొద్దున్నే సన్నని జల్లుతో కడగాలి, మధ్యాహ్నానికి ఆరిపోవాలి. చలికాలం చివర తెల్లదోమ, పిండినల్లి కనిపిస్తే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం కొడితే చాలు.

దోమల మాట

ఈ జాతి మొక్కలు ఇంట్లో ఉంటే దోమలు రావన్నది నర్సరీల్లో ఎక్కువగా వినబడే మాట. దాని మూలం సిట్రోసా అనే రకం. సిట్రొనెల్లా గడ్డి లక్షణాన్ని జన్యు పద్ధతిలో జెరేనియంలోకి తెచ్చామన్న ప్రచారంతో 1990ల మొదట్లో ఉత్తర అమెరికాలో అది విపరీతంగా అమ్ముడుపోయింది. 1994లోనూ 1996లోనూ వెలువడిన పరీక్షలు ఆ ప్రచారాన్ని తేల్చేశాయి. మొక్క పక్కన కూర్చున్నవాళ్లను దోమలు మామూలుగానే కుట్టాయి. 1996 పరీక్ష జరిగింది డెంగీ దోమ చెందిన ఈడిస్ ప్రజాతి దోమల మీదే. నూనె గ్రంథిలో మూసుకుని ఉన్నంతసేపు గాలిలోకి వచ్చేది అతి తక్కువ. నలిపిన ఆకు వాసన కొద్ది నిమిషాలు పని చేయవచ్చు, రాత్రంతా కాపలా కాయదు. పైగా కుండీ కింది పళ్లెంలో నాలుగు రోజులు నీళ్లు నిలిస్తే ఈడిస్ అక్కడే గుడ్లు పెడుతుంది. దోమల మొక్క కొన్న ఇంట్లో దోమలు ఎక్కువయ్యాయంటే ఆ పళ్లెం వైపే చూడాలి.

ఇంట్లో వాడకం

క్రిస్పం ఆకు కొంచెం గరుకు, నమలడానికి పనికిరాదు. వాసన పట్టించి తీసేయడమే పద్ధతి. చక్కెర డబ్బాలో పొరల మధ్య పది ఆకులు వేసి రెండు వారాలు మూత పెడితే ఆ చక్కెర టీకి, సేమ్యా పాయసానికి నిమ్మ వాసననిస్తుంది. నిమ్మరసంలా పాలను విరవదు కనుక పాల వంటకాల్లో దీని విలువ నిమ్మకాయకు లేదు. టీలో కప్పుకు రెండు మూడు ఆకులు దాటితే చేదెక్కుతుంది. సున్నితమైన చర్మం ఉన్నవాళ్లకు ఆకు రసం దురద పెట్టవచ్చు. పిల్లులు, కుక్కలు ఆకులు తింటే వాంతులు చేసుకుంటాయి, అవి ఉన్న ఇంట్లో కుండీ అందని ఎత్తులో ఉండాలి.

శివరాత్రికి ముందు కత్తిరించిన కొమ్మలను నీడలో గుత్తిగా వేలాడదీస్తే వారం, పది రోజుల్లో ఎండుతాయి. ఎండిన ఆకును పలుచని గుడ్డలో మూట కట్టి పట్టుచీరల బీరువాలో పెడితే నలిపినప్పుడల్లా వాసన లేస్తుంది, తర్వాతి దసరాకు కొత్త కొమ్మలు కోసేదాకా.